ఈ దూలం నిజంగా ఆ ఓడదేనా? మేఫ్లవర్ కొట్టం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మేం ఉండేది లండన్‌కి పడమట, స్లౌలో. వేసవిలో ఊరి నుంచి చుట్టాలు ఎవరొచ్చినా ఒక ఆదివారం కారెక్కించి జోర్డన్స్ అనే పల్లెకి తీసుకెళ్తుంటాను. అరగంట కూడా పట్టదు. అక్కడ ఓ పాత కొట్టం ఉంది. మేఫ్లవర్ ఓడని విప్పదీసి ఆ చెక్కతోనే కట్టారని చెప్పుకుంటారు. ఈ మాట నా నోటి నుంచి రావడమే ఆలస్యం, వెనక సీట్లోంచి ప్రశ్నలు మొదలవుతాయి. మామయ్యగారు అడిగినవీ, మా అక్క పిల్లలు అడిగినవీ, ఆఫీసులో తోటి తెలుగువాళ్లు అడిగినవీ కలిపి ఇక్కడ పెట్టాను. ప్రతిసారీ డ్రైవింగ్ చేస్తూ చెప్పడం కష్టంగా ఉంది మరి.

కొట్టం అంటే పశువుల కొట్టమా?

కాదు, ఇంగ్లీషువాళ్లు బార్న్ అంటారే, అది. ధాన్యం నూర్చడానికీ, గడ్డి దాచడానికీ కట్టుకున్న పెద్ద చెక్క కట్టడం. లోపల గదులుండవు. ఓక్ చెక్క స్తంభాలు, దూలాలు, పైన ఏటవాలు కప్పు, అంతే. లోపలి ఫొటోల్లో తల పైకెత్తి చూస్తున్నట్టు ఉంటుంది, తిరగేసిన ఓడ అడుగులాగే. కథ సగం అక్కడే పుట్టి ఉంటుందని నా అనుమానం.

మేఫ్లవర్ అంత పేరున్న ఓడా?

అమెరికన్లకి చాలా. 1620లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ రేవు నుంచి 102 మంది ప్రయాణికులతో బయల్దేరి నవంబరులో అమెరికా తీరం చేరింది. ఇంగ్లండ్ చర్చితో పడని క్రైస్తవులు కొందరు, వాళ్లతో పాటు బతుకుతెరువు వెతుక్కుంటూ పోయినవాళ్లు కొందరు. ఓడ నడిపినది క్రిస్టఫర్ జోన్స్. ఓడలో ఆయనకీ వాటా ఉంది. దానికి ముందు ఆ ఓడ చేసిన పని సరుకు మోయడమే. 180 టన్నుల మామూలు వ్యాపార ఓడ. ఇంత కీర్తి వస్తుందని తెలిస్తే ఎవరైనా ఓ మేకన్నా దాచిపెట్టి ఉండేవాళ్లు. అప్పుడు ఎవరికీ తెలీదు.

మరి ఆ ఓడ చివరికి ఏమైంది?

1621 ఏప్రిల్లో అమెరికా నుంచి బయల్దేరి మే నెలలో ఇంగ్లండ్ చేరుకుంది. 1622 మార్చిలో జోన్స్ చనిపోయాడు. లండన్‌లో థేమ్స్ ఒడ్డున రాదర్‌హైత్ చర్చి ఆవరణలో పాతిపెట్టారు. ఓడకి మళ్లీ మంచి రోజులు రాలేదు. 1624లో జోన్స్ భార్యా, మరిద్దరు వాటాదారులూ కోర్టుకెళ్లి, ఓడకి విలువ కట్టమని అడిగారు. నౌకా వ్యవహారాలు చూసే ఆ కోర్టు మే నెలలో లెక్క కట్టించింది.

ఆ లెక్క మిగిలింది. ఈ కథంతటిలో నాకు బాగా నచ్చే కాగితం అదే. ఓడ ఒళ్లు, స్తంభాలు, దానికున్న చిన్న పడవ అన్నీ కలిపి 50 పౌండ్లు. అయిదు లంగర్లకి 25 పౌండ్లు. సగానికి పైగా అరిగిపోయిన తెరచాపలకి 15. మోకులకీ తాళ్లకీ 35. ఆ తర్వాత తుపాకులు, బల్లేలు, తారు కాచే కుండ, పారలు. మొత్తం 128 పౌండ్ల 8 షిల్లింగుల 4 పెన్నీలు. మన ఇళ్లల్లో వాటాలు పంచుకునేటప్పుడు రోలూ పొత్రంతో సహా రాసుకుంటారు చూడండి, అచ్చం అలా.

ఒళ్లంతా కలిపి 50 పౌండ్లు, లంగర్లూ తాళ్లూ 60 పౌండ్లు. ఓడ కంటే తాడు ఖరీదైందంటే ఆ ఓడ ఇక సముద్రానికి పనికిరాదనే అర్థం. శిథిలమైపోయిందని ఆ రికార్డులోనే రాశారు. ఆ తర్వాత మేఫ్లవర్ పేరు ఏ దస్తావేజులోనూ తగలదు. విప్పి అమ్మేశారని అనుకోవడం సబబే. ఎవరికి అమ్మారో చెప్పే రసీదు మాత్రం లేదు. ఆ ఖాళీలోకే కొట్టం వచ్చి కూర్చుంది.

కొట్టానికీ ఓడకీ ముడి వేసింది ఎవరు?

రెండల్ హారిస్ అనే పండితుడు, 1920లో. సిరియాక్ అనే ప్రాచీన భాషలోని రాతప్రతులు చదవడంలో దిట్ట. చినిగిన తాళపత్రంలో పోయిన అక్షరాలు పూరించగల మనిషి అనుకోండి. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖకి చెందినవారు కూడా. జోర్డన్స్ క్వేకర్లకి ముఖ్యమైన చోటు. 1688లో కట్టిన వాళ్ల ప్రార్థనా మందిరం అక్కడే ఉంది. పెన్సిల్వేనియాని స్థాపించిన విలియమ్ పెన్ సమాధి దాని ముంగిట్లోనే ఉంది. అందుకని అమెరికన్ల రాకపోకలు ఆ పల్లెకి ముందునుంచే అలవాటు.

పక్కనున్న పాత వ్యవసాయ క్షేత్రంలో కొట్టం ఓడ చెక్కతో కట్టిందని ఊళ్లో ఒక మాట ఉండేది. హారిస్ దాన్ని పట్టుకుని వెతికారు. కొట్టం కట్టింది దాదాపు 1624 ప్రాంతంలో అన్నారు. ఓడకి విలువ కట్టిన ఏడాదీ అదే. నడుమ విరిగి, ఇనుముతో బిగించిన దూలం ఒకటి కనిపించింది. ఒక చెక్క మీద చెరిగిన అక్షరాలు కనిపిస్తే, వాటిని ఓడ సొంత రేవు హార్విచ్ పేరులో ముక్కగా చదివారు. ఇంటి తలుపు మీద చెక్కిన పువ్వుని మే పువ్వు అన్నారు. మేఫ్లవర్ అంటే ఆ పువ్వే కదా.

అదే ఏడాది ఓడ ప్రయాణానికి 300 ఏళ్ల ఉత్సవాలు. పేపర్లకి ఇంతకంటే ఏం కావాలి! ఆయన మోసం చేశారని నేననను. పోయిన అక్షరాలు పూరించడం ఆయన వృత్తి. రాతప్రతి దగ్గర పనికొచ్చిన అలవాటు దూలం దగ్గర ఆయన్ని దారి తప్పించింది.

ఆ విరిగిన దూలం గట్టి సాక్ష్యమే కదా? మేఫ్లవర్ దూలం కూడా విరిగిందని చదివాను.

అందరూ ఇక్కడే ఆగుతారు. నేనూ మొదట ఆగాను.

నడి సముద్రంలో తుఫానుకి మేఫ్లవర్ ప్రధాన దూలం ఒకటి వంగి విరిగిన మాట నిజం. ప్రయాణికుల్లో ఒకడైన విలియమ్ బ్రాడ్‌ఫర్డ్ స్వయంగా రాశాడు. హాలండ్ నుంచి తెచ్చుకున్న పెద్ద ఇనుప మరతో దూలాన్ని పైకి లేపారు. కింద ఒక స్తంభం నిలబెట్టి, కట్లు కట్టి ప్రయాణం సాగించారు. ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ ఇనుప మర దూలానికి కొట్టిన పట్టీ కాదు. కారు టైరు మార్చేటప్పుడు పెట్టే జాకీ లాంటిది. దూలం పైకి లేచాక దాని పని అయిపోయింది. కాబట్టి కొట్టం దూలానికి ఇనుము ఉన్నంత మాత్రాన ఆ కథతో కలవదు.

ఇంకోటి. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో వడ్రంగులు ఓక్ చెక్కని పచ్చిగా ఉన్నప్పుడే వాడేవాళ్లు. ఎండితే ఉలి దిగదు, అంత గట్టి. పచ్చి చెక్క కట్టడంలోనే మెల్లగా ఎండుతుంది, ఎండుతూ నిలువునా పగులుతుంది. మూడు నాలుగు వందల ఏళ్లు బరువు మోసిన దూలాలకి పగుళ్లూ, ఇనుప పట్టీలూ పాత బార్న్‌లలో మామూలే. విరిగిన దూలం ఉన్న ప్రతి బార్న్‌నీ మేఫ్లవర్ అనాలంటే ఆ ఓడ ఒక్కటీ చాలదు, ఓ నౌకాదళం కావాలి.

సరే, దూలాల్లో ఖాళీ గాడులు, పనీపాటా లేని బెజ్జాలు ఎందుకున్నాయి? ఇంతకుముందు ఇంకెక్కడో వాడినట్టేగా?

అవును, వాడి ఉండొచ్చు. ఇంకెక్కడో అన్నంతవరకూ నిజమే. అక్కడి నుంచి ఓడ దాకా వెళ్లడమే ఒక్క దూకులో వెళ్లిపోతారు.

చెక్క ఖరీదైన వస్తువు. ఇల్లు పడగొడితే దూలాలు పారేయరు. మన ఊళ్లలో పెంకుటిల్లు విప్పినప్పుడు టేకు వాసాలూ ద్వారబంధాలూ లెక్కపెట్టి తీసి కొత్త ఇంట్లో వాడుకోమా? ఇంగ్లండ్‌లోనూ అంతే. పాత ఇంటి స్తంభం కొత్త కొట్టానికి దూలమవుతుంది. అప్పుడు పాత అతుకుల గుంటలు ఖాళీగా మిగులుతాయి. కొన్నిసార్లు పాత వాడకం కూడా ఉండదు. వడ్రంగి తప్పు చోట తొలిచిన గుంట కావచ్చు. ఎప్పుడో తీసేసిన అడ్డగోడకి తొలిచింది కావచ్చు.

ఇంగ్లండ్ అడవుల చరిత్ర మీద జీవితకాలం పనిచేసిన ఆలివర్ రాక్‌హామ్ లాంటివాళ్లు ఈ ఓడ చెక్క కథల్ని అసలు నమ్మలేదు. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లలో ఇళ్లు కట్టినవాళ్లు చెక్కని పక్కనున్న అడవి నుంచే తెచ్చుకున్నారు. జోర్డన్స్ చిల్టర్న్ కొండల అంచున ఉంది, చుట్టూ చెట్లే. రాదర్‌హైత్ నుంచి నేరుగా చూసినా 40 కిలోమీటర్లు. నదిలో కొంత దూరం తెచ్చారనుకున్నా, మిగతాది బురద దారిలో ఎడ్లబళ్ల మీదో గుర్రబ్బళ్ల మీదో కొండెక్కించాలి. పెరట్లో ఓక్ చెట్టు పెట్టుకుని ఏ రైతు ఆ పని చేస్తాడు?

అయితే ఓడ చెక్కని చూసి గుర్తుపట్టే దారి ఉందా?

ఉంది, ఇంటి చెక్కకీ ఓడ చెక్కకీ పోలికే ఉండదు.

ఇంటికి కావాల్సింది నిటారు చెక్క. ఓడ పక్కటెముకలకి కావాల్సింది వంపు చెక్క. కొమ్మ ఎటు వంగితే అటు వంపు వచ్చేలా చెట్టుని వెతికి మరీ కోసేవాళ్లు. ఒక్కో ఎముక చిన్న చిన్న వంపు ముక్కల్ని జత చేస్తే వస్తుంది. పైన పలకలు బిగించడానికి వరసగా బెజ్జాలు తొలిచి చెక్క మేకులు దిగ్గొడతారు. కాబట్టి ఓడ నుంచి వచ్చిన ముక్కకి ఒక పక్కంతా గుండ్రటి బెజ్జాలు జల్లెడలా దగ్గర దగ్గరగా ఉంటాయి. ఇనుప మేకు దిగిన చోట ఓక్ చెక్కకి నల్లటి మరక పడుతుంది. డెక్ కింద దూలాలకైతే కొద్దిగా వీపు వంపు ఉంటుంది, నీళ్లు రెండు పక్కలకీ జారిపోవడానికి.

కొట్టం దూలానికి ఇవేవీ ఉండవు. ఒక కొస సన్నగా చెక్కి, పక్క చెక్కలో తొలిచిన గుంటలో దూర్చి, అడ్డంగా ఒకటో రెండో చెక్క మేకులు కొడతారు. అతుకు దగ్గర బెజ్జాలుంటాయి, మిగతా చెక్క నున్నగా ఉంటుంది.

మరి వంకర దూలాలు? కొన్ని పాత ఇళ్లలో విల్లులా వంగి ఉంటాయే.

అది ఇంగ్లండ్‌లో ఒక ఇంటి పద్ధతి. సహజంగా వంగిన చెట్టుని నిలువునా రెండుగా చీల్చి, ఆ రెండు చెక్కల్నీ ఎదురెదురుగా నిలబెట్టి, పైన కొసలు కలుపుతారు. నేల నుంచి కప్పు దాకా ఒకే వంపు. చూడటానికి ఓడ ఎముకలాగే ఉంటుంది కానీ అంత పొడుగు వంపు చెక్క ఒకే ముక్కగా ఓడలో దొరకడం కష్టం.

చెట్టు వలయాలు లెక్కపెడితే తేలిపోదా?

చెట్టుని ఏ ఏడాది కొట్టారో చాలాసార్లు తేలుతుంది, బెరడు అంచు మిగిలి ఉంటే. ఏ ఓడదో మాత్రం వలయాలు చెప్పవు.

ఆ చెక్క మీద మేఫ్లవర్ అని స్పష్టంగా రాసి ఉంటే ఒప్పుకుంటారా?

అప్పుడూ వెంటనే ఒప్పుకోను. ఆ కాలపు ఇంగ్లండ్ రేవుల పుస్తకాల్లో మేఫ్లవర్ అనే పేరున్న ఓడలు ఇరవైకి పైనే ఉన్నాయి. మన ఊళ్లో వెంకటేశ్వర్రావు ఇల్లెక్కడ అని అడిగినట్టు ఉంటుంది. అంతెందుకు, 1620లో వెళ్లినవాళ్లు అమెరికాలో కట్టుకున్న కొత్త ఊరికి 1629లో జనాన్ని తీసుకెళ్లిన మేఫ్లవర్ కూడా వేరే ఓడ.

పబ్బుల్లో "ఈ దూలాలు స్పానిష్ ఆర్మడావి" అని బోర్డులుంటాయి. అవి?

1588లో స్పెయిన్ రాజు ఇంగ్లండ్ మీదికి పంపిన 130 ఓడల దండు అది. ఓడిపోయి స్కాట్లండ్ చుట్టూ తిరిగి వెళ్తూ చాలా ఓడలు పగిలాయి. పగిలింది ఎక్కువగా ఐర్లండ్ పడమటి తీరంలో. ఇంగ్లండ్ నడిమధ్య, సముద్రం వాసన కూడా తగలని ఊళ్లోని పబ్బుకి ఆ చెక్క ఎలా వచ్చింది? మా ఇంటికి దగ్గర్లో ఒక పబ్బులో ఇదే అడిగితే, బల్లలు తుడుస్తున్న పెద్దాయన "నేనొచ్చినప్పటి నుంచీ ఆ బోర్డు అక్కడే ఉంది" అన్నాడు. మంచి జవాబు. చేపల వేపుడూ బాగుంది.

నిజంగా ఓడ చెక్కతో కట్టినవి ఒక్కటీ లేవా?

ఉన్నాయి, అవి చూస్తేనే మేఫ్లవర్ కొట్టంలో ఏం లోటో తెలుస్తుంది.

హాంప్‌షైర్‌లో విక్హామ్ అనే ఊళ్లో చెసపీక్ మిల్లు ఉంది. చెసపీక్ అమెరికా యుద్ధ నౌక, 1799లో నీళ్లలోకి దిగింది. 1813 జూన్ 1న బోస్టన్ రేవు బయట బ్రిటిష్ నౌక షానన్ దాన్ని పట్టుకుంది. పావుగంటలో పోరు ముగిసింది. అమెరికన్ కెప్టెన్ జేమ్స్ లారెన్స్ గాయాలతో చనిపోతూ ఓడని వదలొద్దన్నాడని అమెరికా నౌకాదళం ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఓడ మాత్రం ఇంగ్లండ్ చేరింది, 1819లో పోర్ట్స్‌మత్‌లో చెక్క కింద అమ్ముడుపోయింది. 1820లో జాన్ ప్రయర్ అనే మిల్లు యజమాని ఆ చెక్క కొని పిండిమర కట్టించాడు.

డెక్ దూలాలు ఒక్కోటి 32 అడుగులు. ఆయన వాటిని నరికించలేదు. ఉన్నవి ఉన్నట్టే అంతస్తుల కింద అడ్డంగా వేయించాడు. అంటే దూలాల కొలతే గది కొలత అయింది. పోర్ట్స్‌మత్ కూడా దగ్గరే. అమ్మిన ఏడాది తెలుసు, కొన్నవాడు తెలుసు, కట్టిన ఏడాది తెలుసు, మధ్యలో దారి తెలుసు. 1976 దాకా అందులో పిండి ఆడించారు. ఓ పక్క అంత నెత్తురు, ఇంకో పక్క గోధుమపిండి. ఇంత మంచి కథ కళ్లముందు ఉండగా లేని కథలు అల్లుకోవడం ఎందుకో!

ఇంకొకటి లండన్ నడిబొడ్డునే ఉంది, లిబర్టీ అనే పెద్ద దుకాణం. మనవాళ్లు ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ షాపింగ్‌కి వెళ్లి దాని పక్క నుంచే నడిచిపోతారు. 1924లో కట్టారు, కావాలనే నాలుగు వందల ఏళ్ల పాత ఇంటిలా. రెండు పాత నౌకల్ని కొని ఆ చెక్క వాడారు. ఒకటి ఇంప్రెగ్నబుల్. రెండోదాని పేరు హిందూస్థాన్! అది 1841 నాటిది, 1921లో విప్పడానికి అమ్మారు. మా అత్తయ్యగారికి ఈ సంగతి చెప్పాక దుకాణంలో చీరల గుడ్డ లాంటి పట్టు బట్టలు వదిలేసి నేలవైపే చూస్తూ నడిచారు. చెప్పులు విప్పమంటారేమోనని కూడా అడిగారు.

అంటే కథ ఉన్నచోట చెక్క లేదు. చెక్క ఉండి కథ లేని చోటు కూడా ఉందా?

అడగాల్సిన ప్రశ్న ఇది. ఉంది. లండన్‌కి తూర్పున చాటమ్ అనే ఊళ్లో నౌకాదళం పాత డాక్‌యార్డు ఉంది. అక్కడ బండి చక్రాలు చేసే షెడ్డు నేల 1995లో విప్పితే, కింద రెండు వందలకి పైగా ఓడ చెక్కలు వరసగా పరిచి ఉన్నాయి. ఎవరూ ఏ పాటా కట్టలేదు, ఏ బోర్డూ పెట్టలేదు. వడ్రంగులు చెక్క మీద గీసుకున్న గుర్తులూ, కొలతలూ పట్టుకుని ఏళ్ల తరబడి పోల్చి చూసి, అది నామూర్ అనే యుద్ధ నౌక అని తేల్చారు. 1756లో అదే డాక్‌యార్డులో నీళ్లలోకి దిగింది, 1833లో అక్కడే విప్పారు. బానిసత్వం నుంచి బయటపడి తన కథ తనే రాసుకున్న ఒలాడా ఎక్వియానో కుర్రవాడిగా పనిచేసిన ఓడల్లో ఇదీ ఒకటి.

ఆ చెక్కని కింద పరిచినవాడు చరిత్ర కోసం పరచలేదు. నేల గట్టిగా నిలబడాలని పరిచాడు. పక్కనే పడి ఉన్న చెక్క మరి.

మేఫ్లవర్ కొట్టం ముక్క అమెరికా సరిహద్దులో కూడా ఉందట?

ఉంది. సియాటిల్ నుంచి వాంకూవర్‌కి కారులో వెళ్లే మన పిల్లలు పీస్ ఆర్చ్ అనే తెల్లటి ద్వారం దగ్గర ఫొటో దిగి పంపుతుంటారు. 1921లో అమెరికా, కెనడా మధ్య శాంతికి గుర్తుగా కట్టారు. అందులో జోర్డన్స్ కొట్టం నుంచి తెచ్చిన చెక్క ముక్కని మేఫ్లవర్ అవశేషంగా పెట్టారు. హారిస్ ప్రకటన అయిన మరుసటి ఏడాదే! పుకారు విమానమెక్కడమంటే ఇదే, అప్పటికి అట్లాంటిక్ దాటించే ప్రయాణికుల విమానాలు లేకపోయినా.

అబద్ధమని తెలిసీ మీరు అందరినీ అక్కడికెందుకు తీసుకెళ్తారు?

ఊరు బాగుంటుంది. పార్కింగ్ ఫ్రీ. టెన్షన్ ఉండదు.

లోపలికి వెళ్లి చూడొచ్చా?

కొట్టం ఉన్న స్థలం ఇప్పుడు ప్రైవేటు ఆస్తి. నేనూ బయటి నుంచి చూసినవాణ్నే, లోపలిది ఫొటోల్లో చూశాను. గేటు దగ్గర నిలబడి తొంగి చూడకండి, మన ఇంటి ముందు ఎవరైనా అలా నిలబడితే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది వాళ్లకీ. క్వేకర్ల ప్రార్థనా మందిరం మాత్రం చూడదగ్గది. 2005లో మంటలంటుకుని కప్పు బాగా దెబ్బతింటే మళ్లీ కట్టుకున్నారు. పెన్ సమాధికి చిన్న రాయి ఉంటుంది. ఒక అమెరికా రాష్ట్రానికి పేరిచ్చిన మనిషి ఇంత చిన్న రాయి కిందా అని మామయ్యగారు చాలాసేపు నిలబడిపోయారు. రైల్లో రావాలంటే లండన్ మేరిల్‌బోన్‌లో ఎక్కి సీర్ గ్రీన్ అండ్ జోర్డన్స్ స్టేషన్లో దిగాలి.

మన వైపు కూడా ఓడ చెక్క ఇళ్లు ఉన్నాయంటారు?

ఉండటానికి కారణాలైతే ఉన్నాయి. గోదావరి సముద్రంలో కలిసే చోట కోరంగి, తాళ్లరేవు ఒకప్పుడు ఓడలు కట్టిన రేవులు. పై అడవుల నుంచి టేకు దుంగలు గోదావరి మీద తేలుతూ వచ్చేవి. 1789లోనూ 1839లోనూ తుఫానులు కోరంగిని ముంచేశాయి. ఆ తర్వాత బర్మా రాకపోకలు. అక్కడ తెలుగువాళ్లని కోరంగీలనే పిలిచేవాళ్లు. బర్మా టేకు ఓడలెక్కి మన తీరానికి వచ్చింది. ఓడలో వచ్చిన చెక్కకీ, ఓడ చెక్కకీ తేడా ఉంది. ఆ తేడా రెండు తరాల్లో మాయమైపోతుంది.

మా అమ్మమ్మగారి ఊరు కాకినాడకి దగ్గర. మండువా ఇంటి వసారాలో ఒక టేకు దూలం ఉండేది. దాని కింది వైపు వరసగా, సమానమైన ఎడంలో, చిన్న బెజ్జాలు. ఓడలో తెడ్లు దూర్చే కన్నాలని మాకు చెప్పేవాళ్లు. వేలు దూర్చి, సముద్రం చప్పుడు వినిపిస్తోందని మా చెల్లిని ఏడిపించేవాణ్ని. నా చిటికెన వేలు పట్టే కన్నంలో తెడ్డు ఎలా పడుతుందని ఒక్కరం కూడా అడగలేదు.

ఇల్లు విప్పినప్పుడు వచ్చిన వడ్రంగి ఆ దూలాన్ని కిందికి దింపి, బెజ్జాల్లో మట్టి గీకి, ఒకదాంట్లో ఇరుక్కున్న తుప్పు ముక్క నా అరచేతిలో పెట్టాడు. "ఊచండి బాబూ. పెద్ద కిటికీ పై చట్రం ఇది. కిటికీ తీసేసి దూలం చేశారు" అన్నాడు. అమ్మమ్మ అరుగు మీద కూర్చుని విన్నది. "అయితే ఓడలో కిటికీ అయ్యుంటుంది" అంది. వడ్రంగి నవ్వి, ఇంకో దూలం మీదికి ఎక్కాడు.

అంత ఆసక్తి ఉన్నవాళ్లు లండన్‌లో ఒక్క చోటే చూడగలిగితే ఎక్కడికెళ్లాలి?

జోర్డన్స్ కాదు, రాదర్‌హైత్. మేఫ్లవర్‌ని నడిపిన జోన్స్‌ని పాతిపెట్టిన సెయింట్ మేరీ చర్చి అక్కడే ఉంది. సమాధి ఏ మూలనో గుర్తు లేదు, ఆవరణలో ఒక విగ్రహం పెట్టారు. చర్చి లోపల ఒక బల్ల, బిషప్పులు కూర్చునే రెండు కుర్చీలు ఉన్నాయి. అవి టెమెరైర్ అనే యుద్ధ నౌక చెక్కతో చేసినవి. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళాన్ని నడిపిన నెల్సన్ ఓడ వెనకే నడిచిన నౌక అది. 1838లో రాదర్‌హైత్ ఒడ్డుకే లాక్కొచ్చి విప్పారు. విప్పిన చోటుకీ కుర్చీకీ మధ్య నడిచి వెళ్లగలిగినంత దూరం.

రాదర్‌హైత్ స్టేషన్ నుంచి రెండు మూడు నిమిషాల నడక. చర్చి తెరిచే వేళలు ముందే చూసుకుని వెళ్లండి. మేం మొదటిసారి వెళ్లినప్పుడు తాళం వేసి ఉంది, కిటికీలోంచి ఒక కుర్చీ వీపు మాత్రం కనిపించింది.